కణజాలం పలికిన సాక్ష్యం

2003 జూన్–ఆగస్టు మాసాలలో నాటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మెదడువాపు సోకిన 329 మంది బాలబాలికలలో 183 మంది కన్నుమూశారు. జపనీస్ మెదడువాపు, డెంగీ, తట్టు వైరసుల కొరకు జరిపిన పరీక్షలలో కారణం దొరకలేదు.

ప్రతిరక్షకం తనకు తగిన వైరసు మాంసకృత్తునే పట్టుకొంటుంది. దానికి ప్రకాశించే రంగును జతచేసి, గాజుపలకపైని కణజాలంపై వేసి కడుగుతారు. అంటనిది కొట్టుకొనిపోతుంది, అంటినది అతినీలలోహిత కాంతిలో మెరుస్తుంది. ఇది 1941లో ఆల్బర్ట్ కూన్స్ చూపిన మార్గం.

ఈ పద్ధతిచేతనే మరణించిన ఒక బిడ్డ మెదడులో చండీపురా వైరసు బయటపడింది. ఒక్క మెరుపునే తీర్పుగా గైకొనక, శాస్త్రజ్ఞులు ఆరుగురు రోగులనుండి వైరసును వేరుచేసి నిర్ధారించారు.

దీనికి నేటికీ ప్రత్యేకమైన మందు లేదు. అయినను, పేరు తెలిసినందుననే గోడబీటలలో దాగే ఇసుక ఈగలపై దృష్టి నిలిపి, పిల్లలను కాపాడుకొనే వీలు కలిగింది.