పొదిగే పెట్ట

పాఠ్యభాగ పరిచయం

పల్లె సంపద అనగానే పొలం, పశువు గుర్తుకు వస్తాయి. పెరట్లో తిరిగే కోడిని సంపదగా లెక్కించేవారు తక్కువ. కాని పేద కుటుంబాలలో అవసరానికి ముందుగా చేతికి అందేది ఆ కోడే. నాటుకోడి పెంపకంలోని మెలకువలను, గుడ్డు పిల్లగా మారే తీరును, అరుదైన కోడిజాతులు నిలవాలంటే పల్లె చేయవలసిన పనిని ఈ పాఠం వివరిస్తుంది.

పాఠం

కామారెడ్డి నుంచి ఎల్లారెడ్డి వైపు సాగే దారికి ఇరుపక్కలా ఉన్న పల్లెల్లో తొలికోడి కూతతోనే దినచర్య మొదలవుతుంది. ఒకప్పుడు ఈ ప్రాంతం నిజామాబాదు జిల్లాలో భాగం. 2016 అక్టోబరు 11న కామారెడ్డి ప్రత్యేక జిల్లాగా ఏర్పడింది; ఎల్లారెడ్డి అందులో ఒక రెవిన్యూ డివిజన్ కేంద్రం. మంజీర నదిపై 1923-31 సంవత్సరాల మధ్య నిర్మించిన నిజాంసాగర్ జలాశయం ఎల్లారెడ్డికి చేరువలోనే ఉంది. వరి, మక్కజొన్న పండే ఈ నేలలో కళ్లంలో రాలిన గింజ, పశువుల కొట్టంలోని పురుగు, పెంటకుప్ప మీది చెద, ఇంటి నూకలు, తవుడు - ఇవన్నీ పెరటి కోడికి ఆహారం. మనిషికి పనికిరాని దానిని ఏరుకొని తిని, మనిషికి గుడ్డును, మాంసాన్ని, నాలుగు రూపాయలను ఇవ్వడం దాని స్వభావం.

ఈ రూపాయల విలువ అంకెలకు అందేది కాదు. భూమి, పశువులు సాధారణంగా ఇంటి పెద్ద పేరిట ఉంటాయి. కోళ్లు మాత్రం ఇల్లాలి చేతిలో ఉంటాయి. బిడ్డకు పుస్తకాలు కొనవలసి వచ్చినా, హఠాత్తుగా జ్వరం వచ్చి వైద్యుని వద్దకు పోవలసి వచ్చినా, ఆమె ఎవరినీ అడగకుండా వారపు అంగడిలో ఒక పుంజును అమ్మి పని గడుపుకుంటుంది. చుట్టం వచ్చిననాడు కూర, పోచమ్మకు బోనం ఎత్తిననాడు మొక్కు కూడా ఆ గంప కిందివే. అందువల్ల పెరటి కోడి ఆ ఇంటి చిన్న బ్యాంకు అని చెప్పవచ్చు. ఆ బ్యాంకుకు వడ్డీ పొదుగుడు ద్వారా వస్తుంది.

పొదగడంలోని శాస్త్రం

నాటుపెట్ట పది పదిహేను గుడ్లు పెట్టిన తరువాత గుడ్లు పెట్టడం మానివేస్తుంది. ఈకలు నిక్కించి, ‘కొక్కొక్కొ’ అని సన్నగా పలుకుతూ గూటిని వదలక కూర్చుంటుంది. చెయ్యి చాపితే పొడుస్తుంది. దాని శరీరంలో ప్రొలాక్టిన్ అనే హార్మోను పెరగడం ఈ మార్పునకు మూలం. రొమ్ము కింది భాగంలో ఈకలు రాలి, వెచ్చని చర్మం గుడ్లకు నేరుగా తాకుతుంది. రోజుకు ఒకటి రెండుసార్లు మేతకు, నీటికి కొద్దిసేపు లేవడం తప్ప మిగిలిన కాలమంతా దానికి గుడ్లే లోకం.

పొదగడానికి గుడ్లను ఎంపిక చేయడం అనుభవంతో అబ్బే విద్య. మరీ పెద్దవి, మరీ చిన్నవి, పగుళ్లు ఉన్నవి, ఆకారం చెడినవి పనికిరావు. గుడ్డును కడగరాదు; పెంకు మీద ఉండే పలుచని పొర సూక్ష్మజీవులను అడ్డుకుంటుంది, కడిగితే అది తొలగిపోతుంది. వారం రోజులకు మించని గుడ్లను, సన్నని కొన కిందికి ఉండేటట్లు చల్లని చోట నిలవ ఉంచాలి. గుడ్డు చల్లగా ఉన్నంతకాలం అందులోని పిండం నిద్రావస్థలో ఉంటుంది. వేర్వేరు రోజుల్లో పెట్టిన గుడ్లన్నీ ఒకే రోజున పిల్లలు కావడంలోని రహస్యం ఇదే. ఎండలు 40 డిగ్రీలు దాటే వేసవిలో మాత్రం ఈ నిద్ర చెదిరిపోతుంది. పిండం అరకొరగా పెరగడం మొదలుపెట్టి మధ్యలో నశిస్తుంది. అందుకే తడి ఇసుకలో కుదిర్చిన మట్టికుండలో గుడ్లను దాచడం వేసవికి తగిన ఉపాయం.

గంపలో వరిగడ్డి పరచి, పెట్ట పరిమాణాన్ని బట్టి పది పన్నెండు గుడ్లు ఉంచుతారు. గడ్డి కింద బూడిద చల్లితే పేలు, గోమార్ల బాధ తగ్గుతుంది. ఉరుములకు గుడ్లు మురుగుతాయని కొన్ని చోట్ల గంపలో ఇనుప ముక్కనో బొగ్గునో ఉంచడం కలదు. బూడిద వెనుక కారణం ఉంది. ఇనుప ముక్క వెనుక ఉన్నది నమ్మకం మాత్రమే. తరతరాల అనుభవంలో ఈ రెంటినీ వేరుచేసి చూడగలగడమే శాస్త్రదృష్టి.

పొదుగుడు కాలం 21 రోజులు. రెండవ రోజు ముగిసేలోగా పిండంలో గుండె కొట్టుకోవడం ఆరంభమవుతుంది. ఏడవ రోజు రాత్రి చీకటిగదిలో గుడ్డును దీపానికి అడ్డంగా పట్టి చూస్తే సాలెగూడు వంటి ఎర్రని నరాలు కనబడతాయి. ఏమీ కనబడని గుడ్డు వట్టిది, దానిని తీసివేయాలి. పెట్ట రోజుకు అనేకసార్లు ముక్కుతో గుడ్లను దొర్లిస్తుంది. అలా దొర్లించకపోతే పిండం పెంకు పొరకు అంటుకొని చనిపోతుంది. పెంకులోని వేల సూక్ష్మరంధ్రాల ద్వారా లోపలి జీవి గాలి పీలుస్తుంది. చివరి రోజులలో పిల్ల లోపలి నుంచే సన్నగా కూస్తుంది; తల్లి బదులు పలుకుతుంది. తరువాత ముక్కు కొనపై ఉన్న చిన్న గట్టి మొటిమతో పెంకును గీరి, పగులగొట్టి బయటికి వస్తుంది. కడుపులో మిగిలిన పచ్చసొన దానికి ఒకటి రెండు రోజుల పాటు ఆహారమవుతుంది. ముందు పుట్టిన పిల్లలు ఆకలితో మాడకుండా, వెనుక పుట్టే వాటి కోసం తల్లి గూటిలో వేచి ఉండడానికి ప్రకృతి చేసిన ఏర్పాటు ఇది.

యంత్రం రాక - గుణం పోక

తల్లి లేకుండా గుడ్డును పిల్లగా మార్చాలన్న ప్రయత్నం కొత్తది కాదు. ప్రాచీన ఈజిప్టులో ఇటుక బట్టీలలో వేలకొద్దీ గుడ్లను పొదిగించేవారు. ఉష్ణమాపకాలు లేని ఆ కాలంలో పనివారు గుడ్డును కనురెప్పకు ఆనించి వేడిని అంచనా కట్టేవారు. నేటి యంత్రాలు 37.5 డిగ్రీల వేడిని, తగినంత తేమను నిలిపి, గుడ్లను తామే దొర్లించి, 18వ రోజున దొర్లించడం ఆపుతాయి. యంత్రం చేసేదంతా పెట్ట చేసే పనికి అనుకరణమే.

యంత్రం వచ్చిన తరువాత పొదిగే గుణం పరిశ్రమకు లోపంగా కనిపించింది. పెట్ట పొదుగుకు కూర్చున్న మూడు వారాలు, పిల్లలను వెంట తిప్పిన మరికొన్ని వారాలు గుడ్లు పెట్టదు. అందువల్ల పొదగని పెట్టలనే తరతరాలుగా ఎంచుకొంటూ పోయారు. ఫలితంగా నేటి వాణిజ్య గుడ్లకోడి ఏడాదికి 300కు పైగా గుడ్లు పెడుతుంది. కాని తన గుడ్డును తాను పొదగలేదు. పరిశ్రమకు ఇది విజయం. గుడ్డు సామాన్యునికి అందుబాటులోకి రావడానికి ఈ విజయమే కారణమన్న మాట మరువరానిది.

పెరటి కోసం కూడా శాస్త్రజ్ఞులు మెరుగైన రకాలను రూపొందించారు. హైదరాబాదు రాజేంద్రనగర్‌లో 1988లో నెలకొన్న కోళ్ల పరిశోధన సంస్థ ‘వనరాజా’, ‘గ్రామప్రియ’ అనే రంగురంగుల రకాలను అందించింది. ఇవి నాటుకోడి కన్నా త్వరగా బరువు పెరుగుతాయి. ఎక్కువ గుడ్లు పెడతాయి. పోషకాహారం కొరవడిన ఇళ్లకు వీటివల్ల కలిగిన మేలు గొప్పది. అయితే ఇవి పొదగవు. మంద తరిగిపోయినప్పుడల్లా పిల్లలను బయటి నుంచి కొని తెచ్చుకోవలసిందే. ఈ పుంజులు నాటుపెట్టలతో కలిస్తే పుట్టే సంతతిలో పొదిగే గుణం క్రమంగా సన్నగిల్లే ప్రమాదం ఉంది. అదే సంస్థ అసీల్, కడక్‌నాథ్, ఘాగస్, నికోబారి వంటి దేశీయ జాతులను ప్రత్యేకంగా కాపాడుతున్నదంటే, మూలజాతి అవసరం శాస్త్రానికి కూడా ఎంతగా ఉన్నదో తెలుస్తుంది.

2019 పశుగణన ప్రకారం దేశంలో పెరటి కోళ్ల సంఖ్య 31.7 కోట్లు. 2012 నాటి లెక్కతో పోలిస్తే ఇది దాదాపు 46 శాతం ఎక్కువ. ఈ అంకె సంతోషం కలిగించేదే. కాని కోళ్లు పెరగడం వేరు, జాతులు నిలవడం వేరు. పెరట్లో కోళ్లు కళకళలాడుతున్నా, వాటిలో పొదిగే పెట్ట లేనప్పుడు ఆ కళ అరువు తెచ్చుకున్నదే అవుతుంది.

అసీల్ చెప్పిన పాఠం

అసీల్ అన్న మాటకు మేలైనది, స్వచ్ఛమైనది అని అర్థం. నిటారైన నడక, పొడవైన కాళ్లు, చిన్న జుట్టు, పలుచని ఈకలు దీని లక్షణాలు. బాగా ఎదిగిన పుంజు నాలుగైదు కిలోల బరువు తూగుతుంది. ఈకల రంగును బట్టి డేగ, కాకి, నెమలి, సేతువ వంటి పేర్లతో తెలుగువారు వీటిని గుర్తిస్తారు. పందెపు కోడిగా దీనికి పేరు వచ్చినా, జంతువులను పోరుకు పురికొల్పడం 1960 నాటి జంతుహింస నివారణ చట్టం ప్రకారం నేరం. పందెం పుంజుకు పేరు తెచ్చింది. జాతిని నిలిపింది మాత్రం పెట్ట. అసీల్ పెట్ట గుడ్లు తక్కువ పెడుతుంది, కాని శ్రద్ధగా పొదుగుతుంది. పిల్లి వచ్చినా, గద్ద వచ్చినా పిల్లల కోసం ఎదురు తిరుగుతుంది.

ఈ జాతి తరిగిపోతున్న కాలంలో దానిని నిలుపుకొన్న ఉదాహరణ తెలుగునేలపైనే ఉంది. నాటి తూర్పు గోదావరి జిల్లా మన్యంలో, అడ్డతీగల ప్రాంతంలో, 1990ల రెండవ భాగం నుంచి ఆదివాసీ స్త్రీలు ‘అంత్ర’ అనే స్వచ్ఛందసంస్థ తోడ్పాటుతో అసీల్‌ను మళ్లీ పెంచడానికి పూనుకున్నారు. ఆ ప్రాంతం 2022లో అల్లూరి సీతారామరాజు జిల్లాలో చేరింది. వారు అనుసరించిన పద్ధతి వారి పూర్వులదే. దాని పేరు ‘వాటా’. కోళ్లు ఉన్న స్త్రీ లేనివారికి పెట్టను ఇస్తుంది. తీసుకున్న స్త్రీ దానిని సాకి, పొదిగించి, పుట్టిన పిల్లలను ఇచ్చినవారితో పంచుకుంటుంది. అప్పు లేదు, పత్రం లేదు. నమ్మకం ఒక్కటే హామీ. ఇటువంటి పంపకం పొదగని కోడితో సాధ్యం కాదు. పొదిగే గుణం ఉన్నందువల్లనే ఒక పెట్ట ఇంకొక ఇంటికి మందగా మారగలిగింది.

పల్లె అంతా కలిస్తేనే

పొదిగిన పిల్లలన్నీ బ్రతికితేనే శ్రమకు ఫలితం. పెరటి కోళ్లకు ప్రధాన శత్రువు కొక్కెర తెగులు. 1920ల చివరలో మనదేశంలో దీనిని హిమాలయ పాదాలలోని రాణీఖేత్‌లో గుర్తించినందువల్ల ఆ ఊరి పేరే వ్యాధికి వచ్చింది. పచ్చని విరేచనాలు, మెడ వంకర తిరగడం, కాళ్లు చచ్చుబడడం దీని లక్షణాలు. సోకిన తరువాత మందు లేదు; కొద్ది రోజులలోనే ఊరి గంపలన్నీ ఖాళీ అవుతాయి.

నివారణ మాత్రం సులభం. పిల్లకు మొదటి వారంలో కంటిలోనో ముక్కులోనో ఒక చుక్క లసోటా టీకా, సుమారు ఎనిమిదవ వారంలో సూదిమందు వేయించాలి. ఇక్కడే ఒక చిక్కు ఉంది. టీకామందు చిన్న సీసాలో కూడా వంద కోళ్లకు సరిపడే మోతాదు ఉంటుంది. కలిపిన మందును కొద్ది గంటలలోనే వాడివేయాలి. అయిదు కోళ్లున్న ఇల్లాలు ఒంటరిగా సీసా తెరవలేదు. ఇరవై ఇళ్లవారు ఒకే రోజున కోళ్లను కప్పి ఉంచి, పశువైద్య సిబ్బందిని పిలిపించుకుంటే ఒక్క సీసా ఊరంతటిని కాపాడుతుంది. ఒక్క ఇంటి కోళ్లకే టీకా వేయిస్తే తెగులు పక్కవాడలో నిలిచే ఉంటుంది.

జాతి బలం కూడా ఇటువంటిదే. ఒకే మందలో తోబుట్టువులు కలుస్తూ పోతే పిల్లలు బలహీనమవుతాయి. ఎనిమిది, పది పెట్టలకు ఒక మంచి పుంజును ఉంచి, ఏడాది రెండేళ్లకొకసారి పొరుగూరితో పుంజును మార్చుకోవాలి. బాగా పొదిగి, ఎక్కువ పిల్లలను సాకిన పెట్ట గుడ్లనే మళ్లీ పొదిగించాలి. పండుగకు కోసేటప్పుడు బరువైన పుంజునే మొదట ఎంచుకోవడం మన అలవాటు. ఆ అలవాటు వల్ల మేలైన విత్తనమే ముందుగా మాయమవుతుంది.

కామారెడ్డి, ఎల్లారెడ్డి పల్లెలకు ఇది దూరపు మాట కాదు. ఇక్కడ మహిళా పొదుపు సంఘాలు నెలనెలా కూర్చొని రూపాయిని పొదుపు చేయడం నేర్చుకున్నాయి. అదే బైఠకులో టీకా రోజును నిర్ణయించుకోవచ్చు; పుంజుల మార్పిడిని మాట్లాడుకోవచ్చు; కోళ్లు లేని ఇంటికి ఒక పొదిగే పెట్టను వాటాకు ఇవ్వవచ్చు. తన కోడి కూస్తేనే తెల్లవారుతుందని అనుకున్న అవ్వను చూసి లోకం నవ్వింది. కాని జాతిని నిలుపుకోవడంలో ఏ ఒక్కరి కోడీ చాలదు. ఊరి కోళ్లన్నీ కూయాలి. ఆ కూత వచ్చే తరానికీ వినబడాలంటే నేడు గంప కింద ఒక పెట్ట ఓపికగా పొదుగుతూ ఉండాలి.

కఠిన పదాలు - అర్థాలు

కళ్లం : పంటను నూర్చే చోటు
గోమారి : పశుపక్ష్యాదుల రక్తం పీల్చే పురుగు
నిద్రావస్థ : ఎదుగుదల ఆగి ఉన్న స్థితి
ఉష్ణమాపకం : వేడిని కొలిచే సాధనం
అనుకరణం : చూసి అలాగే చేయడం
సంతతి : సంతానం, వంశం
మన్యం : కొండ అడవుల ప్రాంతం
బైఠకు : సమావేశం

ప్రశ్నలు

1. వేర్వేరు రోజుల్లో పెట్టిన గుడ్లు ఒకే రోజున పిల్లలు కావడానికి కారణమేమి?
2. పొదిగే గుణాన్ని పరిశ్రమ లోపంగా ఎందుకు భావించింది? పెరటి పెంపకంలో అది సంపద ఎలా అయింది?
3. ‘వాటా’ పద్ధతిని వివరించండి.
4. ‘కోళ్లు పెరగడం వేరు, జాతులు నిలవడం వేరు’ - ఈ వాక్యాన్ని సమర్థించండి.
5. మీ ఊరిలోని పెద్దలను అడిగి, కోడిని పొదిగించడంలో వారు పాటించే పద్ధతులను రాయండి. వాటిలో శాస్త్రీయమైనవి ఏవో, నమ్మకాలు ఏవో వేరుచేయండి.