గాలి నడచు త్రోవ

గాలికి బరువు కలదన్నచో మొదట ఎవరును నమ్మరు. కాని సముద్రతీరమున ఒక చదరపు సెంటీమీటరు చోటుపై నిలిచియున్న గాలిస్తంభము ఇంచుమించు ఒక కిలోగ్రాము తూగును. ఈ బరువు వలన కలుగు ఒత్తిడినే పీడనమందురు. ఇటలీ దేశస్థుడగు టారిచెల్లి 1643 ప్రాంతమున పాదరసము నింపిన గాజుగొట్టముతో దీనిని కొలుచు విధము కనుగొనెను. సముద్రమట్టమున ఇది సగటున 1013 మిల్లీబారులుండును.

పీడనము అంతటను సమానముగా ఉన్నచో గాలి కదలదు. ఒకచోట హెచ్చుగను, వేరొకచోట తక్కువగను ఉన్నప్పుడే హెచ్చు తావునుండి తక్కువ తావునకు బయలుదేరును. పగటియెండకు నేల త్వరగా కాగును. సముద్రజలము మెల్లగా కాగును. నేలపై గాలి వేడెక్కి పైకి లేచుటచే అచట పీడనము తగ్గును. అప్పుడు సముద్రముపైనున్న చల్లనిగాలి ఒడ్డునకు వచ్చును. మచిలీపట్నము, కాకినాడ మొదలగు పట్టణములవారు వేసవిలో ఎదురుచూచు చల్లగాలి ఇదియే. రాత్రి నేల ముందుగా చల్లారును గనుక గాలి ఒడ్డునుండి సముద్రము మీదికి మరలును.

ఇంతవరకు గ్రహించుట సులభము. చిక్కంతయు దూరప్రయాణమున కలదు. వందలకొలది కిలోమీటర్లు పోవు గాలి తిన్నగా పోజాలదు. ఏలయన క్రింద భూమి తిరుగుచున్నది. తిరుగుచున్న రంగులరాట్నముపై ఇద్దరు బాలురు ఎదురెదురుగా కూర్చుండి బంతి విసరుకొనుచున్నారనుకొనుడు. ఎంత గురిచూచి విసరినను బంతి ప్రక్కకు తొలగిపోవును. బంతి తిన్నగనే పోయినది, తిరిగినది రాట్నము. బాలురకు మాత్రము బంతియే వంగినట్లు కనుపట్టును. అట్లే మన ఉత్తరార్ధగోళమున గాలి తాను పోవు దిశకు కుడివైపునకును, దక్షిణార్ధగోళమున ఎడమవైపునకును ఒరగును. ఫ్రాన్సు దేశపు గణితజ్ఞుడు కొరియోలిస్ 1835లో ఇట్టి బలమును గణితముచే నిరూపించెను. భూమధ్యరేఖ కడ ఈ బలము శూన్యము. కావుననే ఆ రేఖకు మిక్కిలి చేరువలో తుఫానులు పుట్టుట అరుదు.

ఇక నడుమ పీడనము తగ్గిన ఒక తావును ఊహింపుడు. పీడనభేదము గాలిని నడుమకు లాగును. భూభ్రమణము కుడికి త్రోయును. ఈ రెంటి పెనుగులాటలో గాలి కేంద్రము చుట్టును తిరుగును. నేలతోడను నీటితోడను కలుగు రాపిడి గాలివేగమును తగ్గించును. వేగము తగ్గినకొలది కుడికి త్రోయు బలమును తగ్గును. అందుచే గాలి చుట్టు తిరుగుచునే కొంచెము కొంచెముగా లోనికి జారును. గుడిలో ప్రదక్షిణము చేయునప్పుడు దేవుడు మనకు కుడిచేతివైపున ఉండును. మన గోళమున తుఫానుగాలి చేయునది అప్రదక్షిణము. కేంద్రము దానికి ఎడమచేతివైపున ఉండును. కావున గాలికి వీపు పెట్టి నిలిచినచో తుఫాను కేంద్రము మన ఎడమవైపున, రవంత ముందుగా ఉండును. హాలెండు శాస్త్రజ్ఞుడు బైస్ బాలట్ 1857లో ప్రకటించిన సూత్రము ఇట్టిదే.

1977 నవంబరు 19వ తేదీన ఒక పెనుతుఫాను చీరాల సమీపమున తీరము దాటెను. ఐనను ఘోరమైన నష్టము సుమారు 60 కిలోమీటర్ల దూరమున నున్న దివిసీమకు వాటిల్లెను. ఏల? దక్షిణమునుండి వచ్చిన ఆ తుఫాను త్రోవకు దివిసీమ కుడివైపున ఉండెను. ఆ వైపున గాలి సముద్రమునుండి నేలమీదికి వీచి, జలరాశిని త్రోసికొనివచ్చెను. సుమారు 5 మీటర్ల ఎత్తున ఉప్పెన పల్లెలను ముంచెను. ఆ తుఫానున దాదాపు పదివేలమంది మరణించిరి. ఎడమవైపు తీరమున గాలి నేలనుండి సముద్రమునకు వీచును గనుక నీటిని వెనుకకే నెట్టును.

కేంద్రము సరిగా ఊరిమీదుగనే పోయినచో మరియొక అపాయము కలదు. తుఫాను నడిమిభాగమును కన్ను అందురు. అచట గాలి మిక్కిలి స్వల్పము. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను గంటకు సుమారు 180 కిలోమీటర్ల గాలితో విశాఖపట్నము కడ తీరము దాటెను. కన్ను వచ్చినప్పుడు గాలి సద్దణగెను. తుఫాను వెడలిపోయినదని తలచి బయటికి వచ్చువారు ఇట్టి వేళనే చిక్కుకొందురు. తుఫాను వాయవ్యదిశగా కదలుచుండెను గదా! కన్ను రాకమునుపు కేంద్రము ఊరికి ఆగ్నేయమున ఉండెను. దాటినపిమ్మట వాయవ్యమునకు పోయెను. ఎడమచేతిని మొదట ఆగ్నేయమునకు, పిదప వాయవ్యమునకు చాచి, వీపు ఏ దిక్కునకు తిరుగునో మీరే చూడుడు: మొదట ఈశాన్యము, తరువాత నైరృతి. మొదటిగాలికి ఒకవైపు ఒరగిన చెట్లను, పట్టు సడలిన కప్పురేకులను రెండవగాలి ఎదురుదిక్కునుండి వచ్చి పట్టుకొనును.