రెండవ ప్రతి ఎక్కడ ఉండాలి?

వర్షమాపకం గురించి మీరు పాఠంలో చదివే ఉంటారు. మా హాలహర్వి ప్రాంతంలో వాన ఎంత పడిందన్నది ఊరందరికీ కావలసిన లెక్క. అందుచేత నేనూ, కొందరు పిల్లలూ కలిసి మూడేళ్ళపాటు ప్రతి వాననూ మిల్లీమీటర్లలో కొలిచాము. ఆ అంకెలను మా ఇంట్లోని కంప్యూటరులో ఎక్కించాను. పోతాయేమోనని ఒక బ్యాకప్ డ్రైవు కొని, అందులోనూ ఒక ప్రతి ఉంచాను. ఇక భయం లేదనుకున్నాను.

ఒకనాటి రాత్రి ఉరుములు, మెరుపులతో వాన వచ్చింది. కరెంటు తీగ వెంట ఒక్కసారిగా హెచ్చు వోల్టేజి వచ్చి కంప్యూటరు కాలిపోయింది. దానికే తగిలించి ఉంచిన డ్రైవూ కాలిపోయింది. చివరకు మిగిలినవి, ఒక అమ్మాయి తన నాన్నకు చూపించడానికి నోటు పుస్తకంలో వ్రాసుకొన్న ఒక సంవత్సరపు అంకెలు మాత్రమే. మిగిలిన రెండేళ్ళ వానలను మళ్ళీ కొలవలేము కదా!

రెండు ప్రతులు ఉన్నా ఎందుకిట్లా జరిగింది? తెలుసుకొందాం.

సమాచారం ఎట్లా నిలుస్తుంది?

కంప్యూటరు దేనినైనా 0, 1 అనే రెండు అంకెలతోనే వ్రాసుకొంటుంది. అట్టి ఒక్కొక్క అంకెను బిట్ అంటారు. ఎనిమిది బిట్లు కలిస్తే ఒక బైటు. ఇప్పుడు ఎక్కువగా వాడే యూటీఎఫ్-8 పద్ధతిలో 'క' అన్న అక్షరానికి 3 బైట్లు కావాలి. 'కి' అని వ్రాస్తే గుడికి మరో 3 బైట్లు.

హార్డ్ డిస్కులో అయస్కాంత పదార్థం పూసిన గుండ్రని పళ్ళేలు ఉంటాయి. వాటి మీది అతి చిన్న భాగాలు ఏ దిశలో అయస్కాంతీకరణం చెందాయన్న దానిని బట్టి 0, 1 తెలుస్తాయి. పళ్ళెం నిమిషానికి 5,400 లేదా 7,200 సార్లు తిరుగుతుంది. చదివే మొనకూ పళ్ళేనికీ మధ్య ఎడం కొన్ని నానోమీటర్లే. అందుకే తిరుగుతున్న డ్రైవు క్రింద పడితే పళ్ళెం గీసుకుపోతుంది.

పెన్ డ్రైవులో తిరిగే భాగాలు లేవు. అందులో సూక్ష్మమైన గదులలో బంధించిన విద్యుదావేశమే సమాచారం. ఏళ్ళ తరబడి వాడకుండా మూలన పడేస్తే ఆ ఆవేశం కొద్దికొద్దిగా కారిపోవచ్చు. కాబట్టి శాశ్వతమైన పెట్టె అంటూ ఏదీ లేదు.

'క్లౌడ్' ఎక్కడుంది?

క్లౌడ్ అంటే మబ్బు. కాని మీ ఫొటోలు ఆకాశంలో ఉండవు. అవి ఇంటర్నెట్ ద్వారా ఒక పెద్ద భవనానికి చేరుతాయి. దానిని డేటా సెంటరు అంటారు. అందులో వేలకొద్దీ డిస్కులు, వాటిని చల్లబరచే యంత్రాలు, కరెంటు పోతే నడిచే జనరేటర్లు ఉంటాయి. అమెజాన్ సంస్థ 2022 నవంబరులో హైదరాబాదులో ఇట్టి ఏర్పాటును ప్రారంభించింది. అక్కడి కేంద్రాలను ఒకదానికొకటి ఎడంగా మూడు మండలాలుగా విభజించారు. ఒక మండలానికి ఆపద వచ్చినా మిగిలినవి పనిచేయాలన్నది ఇందులోని సూత్రం.

ఈ సూత్రం మన జిల్లాకు కొత్త కాదు. అశోకుడు సుమారు 2,250 ఏళ్ళ క్రితం తన పదునాలుగు శాసనాలను మన కర్నూలు జిల్లా ఎర్రగుడి బండల మీద చెక్కించాడు. అవే శాసనాలను గుజరాతులోని గిర్నారులోనూ చెక్కించాడు. ముంబయి దగ్గరి సోపారాలో కొన్ని ముక్కలే దొరికాయి. అయినా ఆ మాటలు పోలేదు. ఎందుకంటే దూరాన వేరే బండలు ఉన్నాయి.

ఏది మేలు?

ఒక లెక్క చేద్దాం. 100 గిగాబైట్ల ఫొటోలు ఉన్నాయనుకోండి. డ్రైవు సెకనుకు 100 మెగాబైట్లు వ్రాసుకొంటే 1,000 సెకన్లు, అనగా సుమారు 17 నిమిషాలు చాలు. ఇంటర్నెట్ సెకనుకు 10 మెగాబిట్లు పంపితే, అది 1.25 మెగాబైట్లే. అప్పుడు 80,000 సెకన్లు, అంటే 22 గంటలకు పైన పడుతుంది. వేగంలో ఇంటి డ్రైవే మేలు.

కాని 2009 అక్టోబరు మొదటి వారంలో తుంగభద్ర, హంద్రి పొంగి కర్నూలు నగరం మునిగింది. మంత్రాలయంలోకీ నీరు వచ్చింది. అట్టి వరదలో బల్ల మీది కంప్యూటరూ, సొరుగులోని డ్రైవూ ఒకేసారి తడుస్తాయి. అప్పుడు దూరాన ఉన్న ప్రతే ఆదుకొంటుంది.

క్లౌడ్‌కూ లోపాలున్నాయి. పాస్‌వర్డు మరచినా, దొంగలకు చిక్కినా ముప్పే. ఇంకొకటి ముఖ్యంగా గమనించండి. ఫోనుతో 'సింక్' చేసిన చోట, ఫోనులో ఫొటోను చెరిపితే క్లౌడ్‌లోనూ చెరిగిపోతుంది. అద్దంలో ప్రతిబింబం వంటిది అది. వస్తువు పోతే ప్రతిబింబమూ పోతుంది. కొన్ని సేవలు చెరిపినవాటిని కొన్నాళ్ళు చెత్తబుట్టలో ఉంచుతాయి. ఆ గడువు దాటితే అవీ ఉండవు.

అందుచేత నిపుణులు 3-2-1 అనే నియమం చెబుతారు. అసలుతో కలిపి మూడు ప్రతులు ఉండాలి. అవి రెండు రకాల సాధనాలలో ఉండాలి. ఒకటి ఇంటికి దూరంగా ఉండాలి.

ఇప్పుడు నా పొరపాటు మీకే తెలిసింది. మూడేళ్ళ వాన అంకెలన్నీ కలిపినా ఒక ఫొటో అంత చోటు కూడా అక్కర లేదు. అవి చోటు చాలక పోలేదు. ఒకే తీగకు తగిలి ఉన్నందున పోయాయి. ఇప్పుడు కొత్త అంకెలు కంప్యూటరులో ఉన్నాయి. డ్రైవులో ప్రతి తీసి, వెంటనే దానిని ఊడదీసి బీరువాలో పెడుతున్నాను. మరొక ప్రతి క్లౌడ్‌లో ఉంది. ఆ అమ్మాయి నోటు పుస్తకంలో వ్రాయడం మాత్రం మానవద్దని చెప్పాను.

ఆలోచించి చెప్పండి

1. ఒకే కంప్యూటరులో రెండు ఫోల్డర్లలో ఉంచితే రెండు ప్రతులు ఉన్నట్లేనా?
2. 20 గిగాబైట్లను సెకనుకు 5 మెగాబిట్ల చొప్పున పంపడానికి ఎన్ని గంటలు పడుతుంది?
3. మీ ఇంట్లో మళ్ళీ సంపాదించలేని ఫొటో గాని, కాగితం గాని ఏది? దాని రెండవ ప్రతి ఎక్కడ ఉంది?