సముద్ర జంతువుల ఉద్యానం: విహారయాత్రికులు తెలుసుకొనదగిన కొన్ని విషయాలు

వేసవి సెలవులు రాగానే ఇంటిల్లిపాదీ ఎక్కడికైనా వెళ్లి రావలెననే కోరిక ఇప్పుడు పట్టణాలకే పరిమితం కాదు. అమ్రాబాదు పీఠభూమి మీద పెరిగిన మనకు సముద్రం చాలా దూరపు వస్తువు. మనకు తెలిసిన పెద్ద నీరు కృష్ణానది ఒక్కటే. ఉర్దూలో ‘దరియా’ అంటే నది; అదే మాటకు ఫారసీలో సముద్రమని అర్థం. దక్కనుకు వచ్చిన ఆ మాట ఇక్కడ సముద్రం కానరాక నదితో సరిపెట్టుకొన్నదేమో అని మేము సరదాగా అనుకొంటూ ఉంటాము. అందుకే మన కుటుంబాలు విశాఖపట్నం వెళ్లినప్పుడు ముందు అలలను, ఆ తరువాత బీచ్ రోడ్డులోని మత్స్యదర్శినిలో రంగురంగుల చేపలను చూసి మురిసిపోతాయి. అమెరికాలో ఉన్న పిల్లల వద్దకు వెళ్లిన తల్లిదండ్రులలో కాలిఫోర్నియాలోనో ఫ్లోరిడాలోనో ‘సీవరల్డ్’ చూసి వచ్చిన వారు కూడా ఉన్నారు.

అటువంటి ఉద్యానంలో ఒక దినం ఎట్లా గడుస్తుందో ఊహించడం కష్టం కాదు. నీలి కొలను చుట్టూ మెట్ల మీద వేలాది జనం. ఈల మ్రోగగానే డాల్ఫిన్ నీటిలో నుండి పైకి ఎగురుతుంది, బంతిని ముక్కుతో తాకుతుంది. దాని నోటి వంపు నవ్వులాగా కనిపిస్తుంది. పిల్లలు కేరింతలు కొడతారు. ఆ సంతోషాన్ని మేము తక్కువ చేయము. అయితే విద్యార్థులు ఆ మెట్ల మీద కూర్చొనడానికి ముందే తెలుసుకొనవలసిన సంగతులు కొన్ని ఉన్నాయి.

మొదటిది, ఆ నవ్వు నవ్వు కాదు. అది దవడ నిర్మాణం మాత్రమే. బాధలో ఉన్న డాల్ఫిన్ ముఖం కూడా అట్లాగే ఉంటుంది. రెండవది, డాల్ఫిన్ చేప కాదు. పిల్లకు పాలిచ్చి పెంచే క్షీరదం. తల పైనున్న రంధ్రం ద్వారా గాలి పీల్చుకొంటుంది. నిద్రలో సైతం ఊపిరికై పైకి రావలసి ఉన్నందున దాని మెదడులో ఒక సగం నిద్రిస్తే మరొక సగం మేలుకొని ఉంటుంది. అన్నిటికన్న ముఖ్యం, అది చెవితో చూసే జంతువు. అది చేసే సన్నని ధ్వనులు ఎదుటి వస్తువును తాకి తిరిగి వస్తాయి. ఆ ప్రతిధ్వనిని బట్టి వస్తువు ఎంత దూరంలో ఉన్నదో, ఎంత పెద్దదో గ్రహిస్తుంది. గాలిలో సెకనుకు దాదాపు 340 మీటర్లు పోయే ధ్వని నీటిలో దాదాపు 1500 మీటర్లు పోతుంది. విశాలమైన సముద్రంలో ఇది అపూర్వమైన వరం. నాలుగు సిమెంటు గోడల మధ్య మాత్రం ఏ దిక్కుకు కూత వేసినా ఆ గోడయే తిరిగి పలుకుతుంది. అద్దాల గదిలో మనిషిని జీవితాంతం కూర్చుండబెట్టినట్లు అని మేము అంటే అతిశయోక్తి కాదనుకొంటాము.

ఇక ఈల సంగతి. కోరిన పని చేయగానే ఈల వినిపిస్తుంది, వెంటనే చేప ముక్క లభిస్తుంది. ఈ పద్ధతిలో డాల్ఫిన్ మాత్రమే కాదు, పావురం కూడా నేర్చుకొంటుంది. ప్రదర్శనలో మనకు ప్రేమగా తోచేది చాలా వరకు ఆహారపు లెక్క.

ఇటువంటి ఉద్యానాల చరిత్ర పెద్దదేమీ కాదు. ఫ్లోరిడాలో 1938లో ప్రారంభమైన ‘మెరైన్ స్టూడియోస్’ మొదట నీటి లోపలి దృశ్యాలను చలనచిత్రాలకు తీయడం కోసం కట్టినది. శాన్‌డియాగోలో సీవరల్డ్ 1964లో ఆరంభమైనది. డాల్ఫిన్ జాతిలోనే అతి పెద్దదైన ఓర్కా అక్కడి ప్రధాన ఆకర్షణ. సముద్రంలో ఒక్క దినాన నూరు కిలోమీటర్లకు పైగా ఈదగల ప్రాణి అది. తిలికుమ్ అనే మగ ఓర్కాను 1983లో ఐస్‌లాండ్ సమీపంలో పసితనంలోనే పట్టి తెచ్చినారు. 2010 ఫిబ్రవరిలో అది తన శిక్షకురాలి మరణానికి కారణమైనది. 2013లో ‘బ్లాక్‌ఫిష్’ అనే చిత్రం ఆ కథను లోకానికి చూపినది. 2016లో ఆ సంస్థ ఇకమీదట ఓర్కాలను పెంచి పిల్లలు చేయించబోమని ప్రకటించినది. మరుసటి సంవత్సరం జనవరిలో తిలికుమ్ మరణించినది. గాయపడిన సముద్ర జంతువులకు ఇటువంటి సంస్థలు చికిత్స చేసి తిరిగి సముద్రంలో విడిచిన సందర్భాలు ఉన్నాయి. ఆ మాట చెప్పకపోవడం న్యాయం కాదు. అయినా చికిత్సకు మెట్లూ, ప్రేక్షకులూ అవసరం లేదు గదా.

మన దేశం ఈ విషయంలో తొందరగానే మేలుకొన్నది. 1998లో బల్గేరియా నుండి మద్రాసు సమీపంలోని ఒక ఉద్యానానికి తెచ్చిన డాల్ఫిన్లు కొన్ని నెలలలోనే మరణించినవి. గంగానదిలోని డాల్ఫిన్‌ను 2009లో జాతీయ జలచరంగా ప్రకటించినారు. ఆ తరువాత కేరళ, మహారాష్ట్ర వంటి చోట్ల డాల్ఫిన్ ప్రదర్శనశాలలకు ప్రతిపాదనలు రాగా, 2013 మే నెలలో కేంద్ర జంతు ప్రదర్శనశాలల ప్రాధికార సంస్థ వాటికి అనుమతి ఇవ్వరాదని రాష్ట్రాలకు తెలియజేసినది. తెలివి, సున్నితత్వం గల ఈ ప్రాణులను బంధించి వినోదానికి వాడడం తగదన్నది దాని సారాంశం.

అయితే ఆ నిర్ణయం డాల్ఫిన్లకూ తిమింగలాలకూ సంబంధించినది, చేపలకు కాదు. హైదరాబాదు సమీపంలోని కొత్వాల్‌గూడలో సముద్ర జలచరాల ఉద్యానం నిర్మించే ప్రతిపాదన వచ్చినప్పుడు కొందరు ఉన్నత న్యాయస్థానానికి వెళ్లినారు. న్యాయం న్యాయస్థానం చూసుకొంటుంది. మనం ఒక చిన్న లెక్క వేద్దాము. సముద్రపు నీటిలో లీటరుకు సుమారు 35 గ్రాముల లవణం ఉంటుంది. పది లక్షల లీటర్ల తొట్టి నింపవలెనంటే ముప్పయి అయిదు టన్నుల లవణం కలపాలి. నీటిని రాత్రింబగళ్లు వడగట్టాలి, వేడి హెచ్చకుండా చూడాలి, చేపల మలినం నుండి పుట్టే అమ్మోనియాను తొలగించాలి. ఒక పూట విద్యుత్తు పోతే అందులోని ప్రాణికి పారిపోయే దారి లేదు. సముద్రం లేని చోట సముద్రాన్ని నిలబెట్టడమంటే ఇంత పని.

ఇంత దూరపు ముచ్చట చెప్పి మన ముంగిటి సంగతి విడిచిపెట్టరాదు. మన కృష్ణలోనూ మొసళ్లు, నీటికుక్కలు ఉన్నాయి. రాష్ట్ర విభజన తరువాత మన అడవి అమ్రాబాదు పులుల అభయారణ్యం అయినది. దాని విస్తీర్ణం 2600 చదరపు కిలోమీటర్లకు పైబడినది. మన్ననూరు దాటి ఫర్హాబాదు వరకు యాత్రికులను వాహనాలలో తీసుకొని పోతారు. ‘ఫరహ్’ అంటే ఆనందమని ఉర్దూ చదివే మిత్రులకు చెప్పనక్కరలేదు. ఆ ఆనందనివాసంలో పులి కనిపించవచ్చు, కనిపించకపోవచ్చు. కనిపించనప్పుడు కొందరు డబ్బు వృథా అయినదని విసుక్కొంటారు. మా దృష్టిలో ఆ టిక్కెట్టులో అత్యంత విలువైన భాగం అదే: అక్కడ కనిపించాలా వద్దా అన్నది జంతువు ఇష్టం.

కానీ మన అడవికీ ఒక ప్రశ్న ఉన్నది. ఈ అడవిలో చెంచులు తరతరాలుగా ఉన్నారు. హైమన్‌డార్ఫ్ వారిని గురించి వ్రాసిన గ్రంథం 1943లోనే వెలువడినది. లోపలి పెంటలను బయటికి తరలించే మాట ఎన్నో ఏండ్లుగా నడుస్తున్నది. అది యాత్రికుల కోసం కాదు, పులి కోసం అంటారు. అది నిజమే కావచ్చు. అయినా తేనె తీసే మనిషి బయటికి, కెమెరా పట్టిన మనిషి లోపలికి పోయే రోజు వస్తే దానిని ఏమని పిలవాలి? 2006 నాటి అటవీ హక్కుల చట్టం ప్రకారం గ్రామసభ సమ్మతి లేనిదే అటువంటి తరలింపు జరగరాదు. ఈ సంగతి మన కళాశాలలో చదివే ప్రతి విద్యార్థికీ తెలిసి ఉండాలి. పెంట నుండి వచ్చిన తోటి విద్యార్థికి మరీ తెలిసి ఉండాలి.

సెలవులలో బంధువులు ఎవరైనా వచ్చి అడవి చూపించమంటే చూపించండి. ఉదయమే బయలుదేరితే మంచిది. వానకాలంలో లోపలి దారులు మూసి ఉంటాయి గనుక ముందుగా విచారించుకొనవలెను. శ్రీశైలం పోయేవారు మాత్రం చీకటి పడక ముందే మన్ననూరు దాటాలి. రాత్రి తొమ్మిది గంటలకు అక్కడి గేటు వేస్తారు. ఉదయం ఆరు వరకు ఆ రోడ్డు అడవి జంతువులది.