పాటకు చెల్లించిన వెల

మేడ్చల్ సమీపాన అత్వెల్లి మీదుగా ఉత్తరానికి సాగే జాతీయ రహదారి నాగపూరుకు చేరుతుంది. ఆ దారిన పోయే వాహనాలను చూసే విద్యార్థికి నాగపూరు ఒక దూరపు నగరం మాత్రమే. 1938లో హైదరాబాదు సంస్థానపు విద్యార్థులు కొందరికి మాత్రం అది చదువు మిగిలిన చోటు. వారు ఈ బాటననే వెళ్లారని కాదు; చేరిన ఊరు అదే.

ఆనాడు సంస్థానాన్ని ఏడవ నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ పాలిస్తున్నాడు. 1938 చివరి మాసాలలో ఉస్మానియా విశ్వవిద్యాలయ వసతి గృహాలలో విద్యార్థులు ప్రార్థనా సమయాన వందేమాతర గీతాన్ని ఆలపించసాగారు. అధికారులు నిషేధించారు. విద్యార్థులు పాట మానలేదు, సమ్మెకు దిగారు. వందలాదిమంది బహిష్కృతులయ్యారు. ఉద్యమం వరంగల్లు మొదలైన పట్టణాల విద్యాలయాలకు వ్యాపించింది. అప్పుడు నాగపూరు విశ్వవిద్యాలయ ఉపాధ్యక్షుడు టి.జె. కేదార్ బహిష్కృత విద్యార్థులను చేర్చుకొన్నాడు. ఆ ఉద్యమంలో పాల్గొన్న పి.వి. నరసింహారావు తరువాత నాగపూరులోనే న్యాయశాస్త్రం చదివాడు. జైలులో దెబ్బలు తింటూ కూడా ఆ గీతాన్ని విడువని రామచంద్రరావుకు వందేమాతరమే ఇంటిపేరయింది.

నేటి విద్యార్థికి ఇది చిన్న సాహసంగా తోచవచ్చు. కాని పల్లె నుండి వచ్చి కళాశాల గడప తొక్కినవారు ఆ కాలంలో బహు కొద్దిమంది. ఒక్కని చదువు వెనుక ఒక కుటుంబం ఆశ అంతా ఉండేది. ఇంటికి తిరిగి వెళ్లి తండ్రికి ఏమని చెప్పాలన్నది తుపాకికి ఎదురు నిలవడం కంటె తేలికైన సమస్య కాదు.

యుద్ధ చలనచిత్రాలు సాధారణంగా ఇటువంటి ఘట్టాలను దాటిపోతాయి. వాటికి కాల్పులు కావాలి. తెలంగాణ సాయుధ పోరాటం ఇతివృత్తంగా 1979లో నిర్మించిన 'మా భూమి'ని ఈ దృష్టితో చూడవలసి ఉంది. కృష్ణచందర్ ఉర్దూ నవల దానికి ఆధారం. గౌతం ఘోష్ దర్శకుడు, బి. నరసింగరావు నిర్మాతలలో ఒకరు. కథానాయకుడు రామయ్య బడి విద్యార్థి కాడు, పేద రైతు బిడ్డ. ఊరు విడిచి నగరం చేరిన అతనికి కార్మిక నాయకుడు మక్బూల్ పరిచయమవుతాడు. తన ఊరి దొర ఎవరి బలంతో దొర అయ్యాడో అక్కడనే అతనికి బోధపడుతుంది. అది కూడా చదువే. రామయ్యకు దారి చూపినవాడు ముస్లిం కావడం గమనింపదగిన విషయం. చరిత్రలోనూ అంతే: రజాకార్ల దౌర్జన్యాన్ని పత్రికలో ఖండించి 1948 ఆగస్టులో హతుడైన షోయబుల్లాఖాన్ ఉస్మానియా పట్టభద్రుడే.

అదే కాలంలో యువకవి దాశరథి నిజామాబాదు జైలులో ఉన్నాడు. వట్టికోట ఆళ్వారుస్వామి అక్కడ అతని సహచరుడు. కాగితం లేదు, కలం లేదు. దాశరథి బొగ్గుముక్క తీసుకొని గోడపై పద్యాలు వ్రాశాడు.