ఇంటిఖర్చును బండిఖర్చును



ఎకరమునకు దుక్కి యెంత, నాట్లకూలి యెంత, ఎరువుల కెంత యని మన సంఘ సభ్యులలో నెవరి నడిగినను వ్రేళ్ళమీద లెక్కించి చెప్పగలరు. క్రిందటి నెలలో మీ యింటిఖర్చెంత యని యడిగినచో మాత్రము "ఏదో, అయినంత" యను సమాధానమే వచ్చును. ఇందులకు కారణము లేకపోలేదు. చేనిఖర్చు పెద్ద మొత్తములుగా, ఒక పని చూచుకొని చేయునది. ఇంటిఖర్చు చిల్లరగా జేబులోనుండి జారిపోవునది.

ఉద్యోగికి నెలకొకసారి జీతము వచ్చును. రైతునకు పైకము పంట కొకసారి వచ్చును. ఖర్చు మాత్రము దినదినము నుండును. ఆషాఢము మొదలు సంక్రాంతివరకు చేతిలో పైకముండు ఇండ్లు తక్కువ. ఆ నెలలలోని చిల్లర ఖర్చు కొట్టులో అరువుగానో, చేబదులుగానో, వడ్డీ యప్పుగానో మారును. నెలకు నూటికి రెండు రూపాయల వడ్డీ యనగా సాలునకు 24 శాతము. ఆషాఢమున నూరు రూపాయలు వడ్డీకి తెచ్చి వాడుకొన్నవారు ఆరునెలలకు సంక్రాంతినాడు 112 రూపాయలు చెల్లింపవలెను. కావున వర్షాకాలమున మిగిల్చిన నూరు రూపాయలు పంట యమ్మిననాడు మిగిల్చిన నూరుకంటె 12 రూపాయలు హెచ్చు విలువ గలవి.

ఇంకొక లెక్క కలదు. సంఘము ద్వారా 3 లక్షల రూపాయలవరకు తీసికొను స్వల్పకాలిక పంట ఋణమునకు వడ్డీ 7 శాతము. గడువులోపల తీర్చినవారికి కేంద్రప్రభుత్వము అందులో 3 శాతము రాయితీ యిచ్చుచున్నది. లక్ష రూపాయల ఋణముపై నిది సాలునకు 3,000 రూపాయలు. గడువు దినమునకు నాలుగైదు వేలు తక్కువపడి యీ రాయితీని పోగొట్టుకొన్న సభ్యులను నేనెఱుగుదును. పెండ్లియో వైద్యమో కారణమైనచో చెప్పుకొనవచ్చును. వీరికి ఆ సొమ్ము ఎక్కడికి పోయినదో తెలియదు.

మా యింటి సంగతియే చెప్పెదను. పిల్లల చిరుతిండ్లకు డబ్బు పోవుచున్నదని నేనును, నా హోటలు కాఫీలకు పోవుచున్నదని నా భార్యయు చాలకాలము వాదులాడుకొంటిమి. తగవు తీరుటకై పుస్తకమొకటి కొని, వంటయింటి తలుపు ప్రక్కనున్న మేకునకు దారముతో వ్రేలాడగట్టి, ఎవరేమి ఖర్చుపెట్టినను ఆనాటి రాత్రియే అందు వ్రాయవలెనని నియమము చేసికొంటిమి. నెలాఖరున కూడి చూడగా నిద్దరి మాటయు తప్పయ్యెను. అన్నిటికంటె పెద్దపద్దు నా మోటారుసైకిలుది.

మండల కేంద్రము మాకు 14 కిలోమీటర్లు. ఒకనాడు పురుగుమందునకు, ఒకనాడు బ్యాంకునకు, ఒకనాడు మోటారు మరమ్మతునకు, ఒకనాడు ఊరకనే, వారమునకు నాలుగుమారులు పోవుచుంటిని. పోను రాను 28 చొప్పున వారమునకు 112 కిలోమీటర్లు. సాలునకు 5,800 పైచిలుకు. లీటరునకు 50 కిలోమీటర్లు నడచు బండికి ఇది 116 లీటర్ల పెట్రోలు. లీటరు 110 రూపాయలని లెక్కించినచో 12,760 రూపాయలు, ఫలహారము వేరు. ఇప్పుడు సోమవారము, గురువారము మాత్రమే పోవుచున్నాను. నడుమ వచ్చిన పనులను చీటీపై వ్రాసియుంచుకొందును. ప్రక్కయింటివారి పనిని నేను చూచివత్తును, వారు పోయినపుడు నా పనిని వారు చూతురు. ఖర్చు సగమయ్యెను. నిజము చెప్పవలెనన్న, మొదటి నెల మిక్కిలి కష్టముగా నుండెను. వాకిట బండి కనబడినప్పుడెల్ల కాలు దానివైపే పోవుచుండెడిది.

బండి తక్కువ త్రాగుటకు యజమాని చేయదగిన పని కొంత గలదు. గాలి తగ్గిన టైరు బండిని బరువుగా లాగించును, పెట్రోలు హెచ్చు కాల్పించును, తానును అంచులలో త్వరగా అరుగును. పదునైదు దినముల కొకసారి, టైరు చల్లగా నున్నపుడు, బండితో నిచ్చిన పుస్తకములోని అంకె ప్రకారము గాలి చూపించుకొనవలెను. గంటకు 45 మొదలు 55 కిలోమీటర్ల వేగమున నడిపిన ఇంధనము కలిసివచ్చునని పెట్రోలియం కన్సర్వేషన్ రీసెర్చ్ అసోసియేషన్ వారు చెప్పుచున్నారు. ట్రాక్టరు నల్లపొగ విడుచుచున్నచో ముందుగా ఎయిర్ క్లీనరును చూడవలెను. డీజిలు గొట్టము కీలువద్ద సెకను కొక చుక్క కారుట చిన్న సంగతిగా కనబడును. ఇరువది చుక్కలు ఒక మిల్లీలీటరని లెక్కించి చూడుడు: రేయింబవళ్ళు కారినచో దినమునకు 4 లీటర్లు దాటును. ఒక్క యూరియా బస్తాకై ట్రాక్టరు నెక్కి పట్టణమునకు పోవువారికి ఈ లెక్కలు చెప్పియు ప్రయోజనము లేదు.

బండి కొనునపుడే జరుగు నష్టము వేరొకటి గలదు. "నూటికి పది వడ్డీయే" యని చెప్పి, ఆ వడ్డీని మొదటి మొత్తముమీదనే చివరివరకు లెక్కగట్టుదురు. దీనిని ఫ్లాటు వడ్డీ యందురు. లక్ష రూపాయలకు మూడేండ్లకు వడ్డీ 30,000. మొత్తము 1,30,000 రూపాయలను 36 వాయిదాలుగా పంచిన నెలకు 3,611 రూపాయలు. అసలు నెలనెల తగ్గుచుండగా వడ్డీ మాత్రము పూర్తి లక్షపై కట్టుచున్నాము. తగ్గుచున్న బాకీపై లెక్కించినచో నిది సాలునకు ఇంచుమించు 18 శాతము వడ్డీ యగును. కావున వడ్డీ శాతము నడుగుటతో సరిపుచ్చక, ఏ బాకీపై లెక్కింతురో యడిగి వ్రాయించుకొనవలెను.

బీమా విషయమున పొదుపు పనికిరాదు. పరులకు గలుగు హానికి బీమా లేక బండిని రోడ్డుపై నడుపుటను 1988 మోటారు వాహనముల చట్టము నిషేధించినది. 2018 సెప్టెంబరు 1 నుండి క్రొత్త మోటారుసైకిలునకు 5 సంవత్సరములకును, క్రొత్త కారునకు 3 సంవత్సరములకును ఈ బీమాను కొనుగోలునాడే చేయించుచున్నారు. చిక్కు అటుతరువాత వచ్చును. అయిదేండ్లు నిండు దినము ఎవరికిని జ్ఞాపకముండదు. ఆ మఱునాడు మన బండి క్రింద పడి యొకరు మరణించినను, కాలు పోగొట్టుకొన్నను, ట్రిబ్యునలు విధించు పరిహారము యజమాని నెత్తినబడును. రైతునకు గల యాస్తి భూమియే గదా! ఆ తేదీని పద్దుపుస్తకము అట్టపైననే వ్రాసి యుంచుకొనుడు.

కారు గల సభ్యులును ఇప్పుడు మనలో గలరు. కారు కదలకున్నను ఖర్చగును. నాలుగేండ్లు దాటిన కారు వెలను బీమా లెక్కలలో సగమునకు తగ్గించుదురు. 8 లక్షలకు కొన్నది అయిదేండ్లకు 4 లక్షలైనచో, పెట్రోలు పోయకయే నెలకు 6,600 పైచిలుకు రూపాయలు హరించినట్లు. నెలకు నాలుగుమారులు మాత్రమే కారు తీయువారు ఆ నాలుగు ప్రయాణములకు బాడుగ కారెంతకు వచ్చునో విచారించి చూడవలెను. దినదినము కూరగాయలు పట్టణమునకు చేరవేయువారి లెక్క వేరు.

ఇంటిలోనికి వత్తము. 60 వాట్ల పాతబుడ్డి దినమునకు 5 గంటలు వెలిగిన నెలకు 9 యూనిట్లు కాలును. దాని స్థానమున 9 వాట్ల ఎల్‌ఇడి దీపమునకు ఒకటిన్నర యూనిటైనను కాదు. 75 వాట్ల ఫ్యాను 12 గంటలు తిరిగినచో నెలకు 27 యూనిట్లు. 30 వాట్ల క్రొత్తరకమునకు 11. పై యూనిట్లకు రేటు హెచ్చుగాన, తగ్గిన యూనిట్లన్నియు హెచ్చురేటు యూనిట్లే.

గ్యాసు సిలిండరులో నుండవలసిన గ్యాసు 14.2 కిలోలు. ఖాళీ సిలిండరు తూకము దానిపైననే వ్రాసియుండును. తూచి యిమ్మని యడుగు హక్కు మనకు గలదు. మా యింట సిలిండరు 36 దినములు వచ్చుచుండెడిది. పప్పు ముందుగా నానబెట్టి కుక్కరులో నుడికించుట, గిన్నెలపై మూతలు పెట్టుట, మంట పసుపుపచ్చగా మారినపుడు బర్నరు శుభ్రపరచుట, ఇంతమాత్రముచేత 44 దినములకు వచ్చెను. ఈ యుపాయములన్నియు నా భార్యవే. నేను తేదీలు మాత్రము వ్రాసితిని.

సంవత్సరమునకు సరిపడు సరుకులను పంటకాలమున చవుకగా కొనుట మన పెద్దల పద్ధతి. చేతిలో పైకమున్నపుడది మంచిదే. నూటికి రెండు రూపాయల వడ్డీకి తెచ్చి కొన్నచో, ఆరునెలలలో ధర నూటికి 12 రూపాయలకంటె పెరిగిననే లాభము. పురుగుపట్టినది, చెడినది వేరు. మా యింట నీయేడు చింతపండును మిరపకాయలును నిలువకు కొంటిమి. కందులు కొనలేదు, అప్పటికి వడ్లమ్మిన పైకము చేతికి రాలేదు.