లీటరు పాలకు అసలు ఖర్చెంత?



గోదావరిఖని, రామగుండం ప్రాంతంలో పాలకు గిరాకీ తక్కువేమీ కాదు. అయినా "పాడి గిట్టడం లేదు" అనే మాట మేము తరచుగా వింటుంటాం. గిట్టేదీ గిట్టనిదీ లెక్కతోనే తేలాలి. కింది ధరలు ఉదాహరణకు తీసుకున్నవి మాత్రమే. వాటి స్థానంలో మీ అంకెలు వేసుకోండి.

1. పూర్తి ఖర్చు

రోజుకు 210 రూపాయల మేత, దాణా తిని, సగటున 6 లీటర్లు ఇచ్చే బర్రె ఉందనుకుందాం. 210ని 6తో భాగించి, లీటరుకు 35 రూపాయలే పడిందనుకుంటాం. అది సగం లెక్కే. ఒట్టిపోయిన రోజుల్లోనూ బర్రె తింటుంది. కనుక ఒక ఈత నుండి మరో ఈత వరకు అన్ని రోజులనూ లెక్కించాలి. 300 రోజులు పాలిచ్చి, 150 రోజులు ఒట్టిపోతే:

పాలిచ్చే రోజుల మేత (300 × 210): రూ. 63,000
ఒట్టి రోజుల మేత (150 × 90): రూ. 13,500
ఇంటివారి కష్టం (450 × 40): రూ. 18,000
మందులు, బీమా: రూ. 3,500
బర్రె తరుగుదల: రూ. 10,000
మొత్తం: రూ. 1,08,000
పేడ, దూడ విలువ తీసివేయగా: రూ. 99,000

80,000కు కొన్న బర్రెను 5 ఈతల తర్వాత 30,000కు అమ్మితే, ఈతకు 10,000 తరుగు. వచ్చిన పాలు 1,800 లీటర్లు. అంటే లీటరుకు 55 రూపాయలు పడింది. సొంత పొలం గడ్డికి కూడా బజారు ధరే కట్టాలి. ఓపెన్‌కాస్టు గనుల పక్క ఊళ్లలో మేత బీళ్లు తగ్గినందున ఈ పద్దును మరింత జాగ్రత్తగా రాయాలి.

2. వెన్న శాతం

లీటరు పాలు సుమారు 1.03 కిలోలు తూగుతాయి. కిలో వెన్నకు 800 రూపాయల చొప్పున, 7 శాతం వెన్న ఉంటే:

1.03 × 7 ÷ 100 × 800 = రూ. 57.68

6 శాతమే ఉంటే రూ. 49.44 వస్తుంది. మొదటి దానిలో లీటరుకు రూ. 2.68 మిగులు, రెండో దానిలో రూ. 5.56 నష్టం. అందుకే లీటర్లతోపాటు వెన్న శాతాన్నీ రోజూ పాసుపుస్తకంలో చూసుకోవాలి. వెన్నేతర ఘనపదార్థాలు తగ్గినా ధర తగ్గుతుంది.

3. క్వార్టర్లలో అమ్మితే?

సింగరేణి క్వార్టర్లలో లీటరుకు 70 రూపాయలు వస్తే అదే లాభమనిపిస్తుంది. 6 లీటర్లకు 420 రూపాయలు. పెట్రోలుకు 30, తిరిగిన గంటకు 60, జీతాల రోజు దాటినా రాని బాకీకి నూటికి 5 చొప్పున 21 తీసివేయండి. మిగిలేది 309, అంటే లీటరుకు రూ. 51.50. అదే తిరుగుడులో 12 లీటర్లు అమ్మితే రూ. 59 పడుతుంది. ధరతోపాటు ఎన్ని లీటర్లు అమ్ముతున్నామన్నదీ చూడాలి.

4. అభ్యాసం

పై బర్రె 450 రోజులకు బదులు 400 రోజులకే ఈనితే, పాలు అంతే ఇస్తే, లీటరు ఖర్చెంత?

జవాబు: 50 ఒట్టి రోజుల మేత, కష్టం కలిపి 6,500 మిగులుతుంది. 92,500ను 1,800తో భాగిస్తే రూ. 51.39.

బర్రె చూడి కాలం సుమారు 310 రోజులు. కనుక ఈనిన 90 రోజుల లోపు చూడి కట్టాలి. వేసవిలో బర్రె ఎద లక్షణాలు పైకి అంతగా కనబడవు. రాత్రి, తెల్లవారుజామున గమనించి, సకాలంలో సూది వేయించండి. దాణా తగ్గించకుండానే లీటరుకు మూడున్నర రూపాయలకు పైగా మిగిల్చే మార్గమిది.